కోపాలక్క ముఖం

కోపాలక్కకు కోపం రాదు. ఈ మాట ముందే చెప్పుకోకపోతే తర్వాతదంతా తలకిందులవుతుంది. మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఊడిన జిప్పులు మార్చడం, పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం, ఒళ్ళు చేసినవాళ్ళ చొక్కాలు పక్కల్లో వదులు చేయడం ఆమె పని. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కనుబొమలు ముడిపడతాయి, పెదవులు బిగుసుకుంటాయి, ముక్కుపుటాలు ఉబ్బుతాయి. పెళ్ళికి ముందు నుంచీ అదే పని కాబట్టి ఆ ముడత ముఖానికి పట్టేసింది. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయి, "తర్వాత రమ్మంటారా?" అని అడుగుతారు. "రండి బాబూ, నా ముఖమే అంత" అని ఆమె నవ్వుతుంది.

ఆ ముఖం విలువ మొదట కనిపెట్టినవాడు ఒక టీవీ ఛానల్ ఫ్లోర్ మేనేజరు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, ఆమె దారం ఎక్కిస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. సాయంత్రం చర్చలకు ప్రేక్షకులుగా కూర్చునే మనుషులు కావాలన్నాడు. ఊరికే కూర్చోవడమే, చివర్లో కవరు ఇస్తారు, ఏసీ గది అన్నాడు. మెట్ల కింద ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరూ ఆ చివరి మాటను కాదనలేరు.

అక్కడి పద్ధతి ఇది. వక్తలు ఇంకా ముఖాలకు పౌడరు అద్దించుకుంటూ ఉండగానే ప్రేక్షకులను వరుసల్లో కూర్చోబెట్టి లైట్లు వేస్తారు.

"అందరూ కోపం!" అని అరుస్తాడు ఫ్లోర్ మేనేజరు. "ఆ, ఇప్పుడు ఆశ్చర్యం! నవ్వు! పెద్దాయనా, పళ్ళుంటేనే నోరు తెరవండి, లేకపోతే ముసిముసిగా కానివ్వండి! చప్పట్లు!"

అన్నీ ముందే తీసి దాచుకుంటారు. తర్వాత ఎవరు ఏం మాట్లాడినా, ఏ మాట పక్కన ఏ ముఖం పెట్టాలో లోపలి గదిలోని వాళ్ళు చూసుకుంటారు. కూర ఏదో తెలియకముందే ఉప్పు కొలిచి పెట్టుకున్నట్టు. కోపం వంతు వచ్చినప్పుడు ఆమె చేసేదల్లా కనిపించని సూదిలో కనిపించని దారం ఎక్కించుకోవడమే. కెమెరా కుర్రాళ్ళు పడి చచ్చేవాళ్ళు. కోపాలక్క అన్న పేరు వాళ్ళు పెట్టిందే.

కిరాయికి ఏడ్చేవాళ్ళు లోకంలో ఏ మూలకు పోయినా ఉండేవారు. పోయినవాడు ఎంత గొప్పవాడైతే అంత మంది. నాటకశాలల్లో కిరాయి చప్పట్లవాళ్ళను కూర్చోబెట్టిన దేశాలూ ఉన్నాయి. కానీ చావింట్లో అది కొన్న ఏడుపని శవానికి తప్ప అందరికీ తెలుసు. ఈ కొత్త వ్యాపారంలో సంగతి అటు నుంచి ఇటు తిరిగింది. తయారుచేసే నలుగురికీ తెలుసు. చూసే ఊరంతా శవం.

అసలు వింత అది కూడా కాదు. తన కోపం ఉత్తుత్తిదని కోపాలక్కకు తెలుసు. కానీ తన ముఖం ఒక్కటే అబద్ధమనీ, మిగతాదంతా నిజమేననీ అనుకుంది. బస్సు డ్రైవర్లు పని ఆపినప్పుడు వాళ్ళ నాయకుడి మాటల మధ్య తన ముడిచిన కనుబొమలు చూసుకుని నవ్వుకుంది. మర్నాడు కొట్టుకొచ్చిన వాళ్ళతో మాత్రం, "ఎంత పొగరో చూశారా ఆ డ్రైవర్లకి! జనమంతా మండిపడుతున్నారు" అంది. ఏ జనం? ఆ జనం తానే. పాలలో నీళ్ళు కలిపినవాడే ఇంటికెళ్ళి ఆ పాలు తాగి, చిక్కగా ఉన్నాయని మెచ్చుకున్నట్టుంది ఆమె సంగతి.

ఆమెకో చెల్లెలుంది. పెద్దాసుపత్రి బట్టలుతికే విభాగంలో పని. వార్డుల్లో ఇంజెక్షన్ చేసి, సూదిని డబ్బాలో వేసే ఓపిక లేక పక్క మీదే పడేస్తారు. దుప్పటితో పాటు చుట్టేసి కిందికి పంపుతారు. కింద గుట్టలో చేతులు పెట్టేది చెల్లెలూ, ఆమెలాంటి ఆడవాళ్ళూ. మందమైన చేతితొడుగులు ఇప్పించమని అడిగీ అడిగీ నోళ్ళు పడిపోయాయి. ఒకనాడు చెల్లెలి అరచేతిలో సూది దిగింది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆమె పిల్లలకు అన్నం కలిపి పెట్టలేదు. ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. ఫలితం మంచిదే వచ్చింది. కానీ ఆ వారంలోనే ఇంకొకామెకు గుచ్చుకుంది. దాంతో పని ఆపి ఆసుపత్రి గేటు పక్కన టెంటు వేసుకున్నారు.

టీవీలో మాత్రం, "దుప్పట్లు లేక వణుకుతున్న రోగులు! పట్టని సమ్మెకారులు!" అని ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. రోగులు వణుకుతున్నారు, సమ్మె జరుగుతోంది. సూది అన్న మాట ఒక్కటే ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం కోపాలక్క స్టూడియోకు వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఎవరిదో కోటుకు గుండీలు కుడుతోంది. లారీ మెకానిక్కయిన భర్త టీవీ పెట్టాడు. టెంటులోంచి చెల్లెలు మాట్లాడుతోంది. అరచెయ్యి కెమెరాకు చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడ దిగిందండీ..." అంటోంది. వెంటనే తెర నిండా కోపాలక్క! ముడిచిన కనుబొమలు, బిగించిన పెదవులు. తర్వాత మళ్ళీ చెల్లెలు. మళ్ళీ కోపాలక్క. కింద "ప్రత్యక్ష ప్రసారం" అని రాసి ఉంది.

భర్త తెర వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"ఏమేవ్, నువ్విక్కడే కదా ఉన్నావు?"

"కనపడట్లేదా?"

"మరి అక్కడ..."

"అది పోయిన నెల తీసిందండీ! నా మెడలో ఆ పచ్చ స్కార్ఫు చూడండి. అప్పుడే చిరిగి మసిగుడ్డయింది!"

"అయినా, నీకు కోపం రాకుండానే చూపిస్తారా?"

గుండీ మీద గుచ్చిన సూది అలాగే వదిలేసి ఆమె లేచింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెను ఎదురుగా పెట్టుకుని కూడా టీవీనే నమ్ముతున్నాడు.

ఆ రాత్రే చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"చూశానులే నీ ముఖం, టెంటులో ఫోన్లో. నేను చెయ్యి చాపి ఏడుస్తుంటే, పేడ తొక్కినదానిలా పెట్టావు."

"నేను అక్కడ లేనే! ఎప్పుడో తీసి పెట్టుకున్నది అతికించారే!"

"ఎందుకు తీయించుకున్నావు మరి?"

"అందరూ చేసేదే కదా..."

"నీ మెడ పట్టుకుని కూర్చోబెట్టారా? ఎవరి మీద వాడుకుంటారని అడిగావా ఎప్పుడన్నా? డ్రైవర్ల మీద వాడినప్పుడు నాకు ఫోన్ చేసి మరీ చెప్పావు, టీవీలో వస్తున్నాను చూడమని. వాళ్ళకి మాత్రం అక్కచెల్లెళ్ళు లేరా?"

అప్పుడు మొదలైంది కోపాలక్కకు అసలు కోపం. సగం ఛానల్ వాళ్ళ మీద, సగం తన మీద. ఏ సగం ఎక్కువ మండుతోందో ఆమెకే తెలియలేదు.

పొద్దున్నే స్టూడియోకు వెళ్ళింది. ఫ్లోర్ మేనేజరు టీ తెప్పించాడు. ఆమె ముట్టలేదు.

"నా ముఖం తీసెయ్యండి."

"ఏమైందక్కా?"

"అది నా చెల్లెలు! నా చెల్లెల్ని నేను ఛీ కొట్టినట్టు చూపించారు! ఇంతకన్నా అబద్ధం ఉంటుందా?"

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "అబద్ధం అనకండక్కా. మీరు కోప్పడ్డారా లేదా? కోప్పడ్డారు. ఆవిడ మాట్లాడిందా? మాట్లాడింది. రెండూ నిజమే. పక్కపక్కన పెట్టాం, అంతే."

"పెళ్ళివాళ్ళ పక్కన శవాన్ని పెడితే కూడా రెండూ నిజమే నాయనా!"

"చూస్తాలే అక్కా, మీరు శాంతించండి" అన్నాడు. చూశాడు కూడా. ఆ సాయంత్రం ఆ ముఖం ఇంకాస్త పెద్దదిగా వేశారు.

ఇక ఆమె కొట్టుకు తాళం వేసి నేరుగా టెంటుకు వెళ్ళింది. చెల్లెలు పలకరించలేదు. పొమ్మనలేదు కూడా. కాళ్ళు కొంచెం ముడుచుకుంది. ఆ వదిలిన చోటులో కోపాలక్క కూర్చుంది.

ఆమె చేసిన పని మంచిదే. కానీ కొన్నిచోట్ల మంచి పని చేస్తే చెడ్డపని కంటే ఎక్కువ నష్టం. ఛానల్ కెమెరా టెంటు చుట్టూ తిరిగింది. ఆ రోజు చర్చలో తెరను రెండుగా చీల్చారు. ఎడమ పక్క స్టూడియోలో కోపాలక్క, కుడి పక్క టెంటులో కోపాలక్క. రెండు ముఖాల చుట్టూ ఎర్ర గుండ్రాలు. "సమ్మె శిబిరంలో కిరాయి జనం! డబ్బుకు కూర్చునే మహిళ బండారం బట్టబయలు!" ఆమెను డబ్బిచ్చి కూర్చోబెట్టుకున్నది ఎవరో మాత్రం చెప్పలేదు. దొంగే "దొంగ, దొంగ" అని అరుస్తూ ముందు పరుగెత్తుతుంటే జనం వాడి వెంటే పరుగెత్తడం మామూలే.

మర్నాటికి గాలి మారింది. టెంటుకు మంచినీళ్ళు తెచ్చే రోగుల బంధువులు రావడం మానేశారు. గేటు దగ్గర ఒకడు, "ఈ పూట ఎంతిచ్చారమ్మా?" అని పళ్ళికిలించాడు. కార్మిక సంఘం పెద్ద, ఆసుపత్రి బాయిలరు దగ్గర పనిచేసి రిటైరైన ముసలాయన, మెల్లగా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు మంచిదానివే. కానీ నువ్విక్కడుంటే రోజూ నిన్నే చూపిస్తారు. సూదుల మాట ఎవరూ ఎత్తరు. రేపట్నుంచి రాకపోతే..."

ఆమె చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తల దించుకుని అరచెయ్యి గోక్కుంటోంది. వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

ఆమె చెప్పులు వెతుక్కుంటుండగా, వార్డులోంచి ఒక యువతి విసురుగా వచ్చింది. తండ్రికి ఆపరేషనయిందట.

"సిగ్గులేదూ మీకు? మా నాన్న దుప్పటి లేకుండా వణికిపోతున్నాడు! మీరేమో పిక్నిక్కొచ్చినట్టు కూర్చున్నారు! నువ్వే కదూ, టీవీలో చూపించిన కిరాయి మనిషివి?"

కోపాలక్క ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది. "నేనే. రా."

"వదులు!"

"రావే తల్లీ! నన్ను తర్వాత తిడుదువుగాని, ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే!"

ఈడ్చుకుపోయినంత పని చేసి ఉతికే గది ముందు నిలబెట్టింది. వాసనకు ఆ అమ్మాయి ముక్కు మూసుకుంది. కిటికీ దాకా మాసిన దుప్పట్ల గుట్ట.

"మీ నాన్నకి దుప్పటి కావాలి కదా? తీసుకో. ఎవరూ ఆపరు. సబ్బుంది, నీళ్ళున్నాయి. చెయ్యి పెట్టి తీసుకో!"

ఆ అమ్మాయి చెయ్యి చాపింది. పైదాన్ని కాస్త ఎత్తగానే మడతలోంచి సూది ఒకటి జారి గచ్చు మీద టింగుమంది. చెయ్యి టక్కున వెనక్కొచ్చింది. ఇద్దరూ ఆ సూదినే చూస్తూ నిలబడ్డారు.

"ఇది... టీవీలో చెప్పలేదే" అంది ఆ అమ్మాయి. మళ్ళీ మొండిగా, "అయినా మా నాన్నకి చలేగా!" అంది.

"చలే తల్లీ. కాదన్నదెవరు?"

గేటు దగ్గర ఛానల్ వాళ్ళు ఆ అమ్మాయిని ఆపి మైకు మూతికి ఆనించారు. ఆమె ఏం చెప్పిందో టెంటు దాకా వినిపించింది. "మా నాన్న చలికి వణుకుతున్నాడు. కానీ తప్పు వీళ్ళది కాదు, ఆ గుట్టలో సూదులున్నాయి, మీరే వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి!" టెంటులో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. సాయంత్రం టీవీలో ఆ అమ్మాయి కనిపించింది. "మా నాన్న చలికి వణుకుతున్నాడు." అంతే. వెనకే ఏడుపు వాయిద్యం.

పొద్దున్నే ఆ అమ్మాయి చెప్పులు టపటపలాడించుకుంటూ టెంటులోకి దూసుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సగం కోసేశారు! నా నోటి మాటే! మా ఇంటి పక్కావిడ ఫోన్ చేసి, బాగా గడ్డిపెట్టావు ఆ సమ్మెవాళ్ళకి అంటుంది! అలా అన్లేదు అంటే, నేను చూశానుగా అంటుంది!"

"నాతో మా ఆయనే అట్లా అన్నాడు" అంది కోపాలక్క. టెంటులో వంటకని తెచ్చిపెట్టిన తన స్టవ్వూ, గిన్నెలూ తీసుకుపోదామని వచ్చి, పోలేక ఒక పక్కన నిలబడి ఉంది.

సంఘం పెద్ద ఇద్దరినీ చూసి తల పట్టుకున్నాడు. "ఇప్పుడీ అమ్మాయిని కూడా కిరాయి మనిషంటారు. అమ్మా, మీరిద్దరూ దయచేసి..."

"బాబాయ్!" చెల్లెలు లేచి నిలబడింది. "ఇవాళ మా అక్కని పంపిస్తావు. రేపు ఈ అమ్మాయిని. ఎల్లుండి నా ఫొటో చుట్టూ గుండ్రం గీస్తారు, నన్నూ పంపిస్తావు. వాళ్ళు వేలు చూపించినవాళ్ళనల్లా పంపించుకుంటూ పోతే చివరికి టెంటులో గుంజలు మిగుల్తాయి. వాటితో చెయ్యించు సమ్మె!"

"మరి టీవీలో..."

"టీవీ మన చేతిలో లేదు. మనుషులున్నారు గేటు దగ్గర." ఆమె అక్క వైపు తిరిగింది. ముఖం ఇంకా మెత్తబడలేదు. "నిలబడి చూస్తావేం? నిన్న ఈ అమ్మాయిని లాక్కొచ్చావు కదా. అట్లాగే లాక్కురా. బతిమాలు, తిట్టు, కాళ్ళు పట్టుకో. నువ్వు ఊరందరికీ చూపించిన ముఖం, నువ్వే పోయి ఒక్కొక్కరి దగ్గర చెరుపుకో."

ఊరు ఎంత పెద్దదో, గేటు ఎంత చిన్నదో కోపాలక్కకు తెలుసు. ఛానల్ వాళ్ళు ఒక్క పూటలో ఊరందరి ఇళ్ళలోకీ దూరతారు. తాను సాయంత్రం దాకా గొంతు చించుకుంటే పదిమంది వస్తారేమో, అందులో సగం మంది ఉమ్మేసి పోతారేమో.

అయినా గేటు దగ్గరికి వెళ్ళింది. క్యారేజీ పట్టుకుని లోపలికొస్తున్న ఒకాయన ఆమెను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. ఆమె వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"అవునయ్యా, ఆ టీవీలోదాన్నే! నన్ను తిట్టేది తర్వాత. ముందు నాతో రా!"