మరియదాసు కట్టుడు పళ్ళు

నరసరావుపేటలో లక్ష్మీనారాయణ షావుకారు మండీకి ఏ వేరుశనగ బస్తా వచ్చినా, అందులో గింజ ముందు మరియదాసు నోట్లోకి పోవాల్సిందే. కాయ వలిచి, గింజను ముందుపళ్ళ మధ్య ఆనీ ఆనకుండా పట్టి, మెల్లగా నొక్కేవాడు. టక్కున విరిగితే ఎండినట్టు. పన్ను మెత్తగా దిగితే పచ్చి.

"ఇంకా ఎండాలి బాబాయ్, బూజు పడతది" అని రైతుతో అనేవాడు. షావుకారు ఇక మారు మాట్లాడేవాడు కాదు.

నలభై దాటాక చిగుళ్లకు చీము పట్టి పళ్ళన్నీ కదిలాయి. గుంటూరులో డాక్టరు వాటిని పీకేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. అద్దంలో చూసుకుని మరియదాసు మురిసిపోయాడు. మర్నాడు మండీలో గింజ పట్టబోతే జారి కింద పడింది. ఇంకోటి పట్టాడు. అది పిండయిపోయింది. ఎండిందో పచ్చిదో మాత్రం తెలియలేదు. ఇంట్లో అన్నంలో రాయి తగిలినా, చప్పుడు వినపడితేనే తెలిసేది.

మళ్ళీ గుంటూరు వెళ్ళాడు.

"పళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు డాక్టరు. "సొంత పన్ను వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుంది. అందులో నరాలుంటాయి. ఏది ఎంత గట్టిదో, దవడ ఎంత నొక్కాలో అవే చెప్పేవి. పళ్ళతోపాటు అవీ పోయాయి."

"మళ్ళీ వస్తయ్యా?"

"రావు."

ఈ సంగతి షావుకారుకు చెప్పలేదు. గింజను వేళ్ళతో నలిపి చూస్తూ నెట్టుకొచ్చాడు. ఆ ఏడు ఈపూరు నుంచి వచ్చిన సరుకు ఎండిందన్నాడు. కొన్నాళ్ళకు గోడౌను తలుపు తీస్తే బూజు వాసన గుప్పుమంది.

"ఏందిరా ఇది?"

"నా నోటికి తెలియట్లేదయ్యా. పళ్ళు కట్టించుకున్న కాణ్ణించీ."

"ముందే చెప్పొద్దా?" అన్నాడు షావుకారు. మర్నాటి నుంచి మరియదాసు చోట గింజలు కొరికి చూడటానికి మక్బూల్ అనే కుర్రాడు కూర్చున్నాడు.

సాగర్ కుడికాలవ తవ్వుతున్న రోజులవి. మరియదాసు, పెళ్ళాం ఆరోగ్యమ్మ మట్టిపనికి కారంపూడి వైపు పోయారు. కూలీలంతా ఒకచోట తింటుంటే అతను వీపు తిప్పి కూర్చుని, జొన్నన్నం నీళ్ళలో పిసికి మింగేవాడు.

"కాస్త నమలయ్యా, ఒంటికి పట్టుద్ది" అనేది ఆరోగ్యమ్మ.

"నమిలితే బుగ్గ తెగుద్ది. నోట్లో ఏముందో తెలిస్తేగా నమిలేది."

రెండో ఎండాకాలానికి తట్ట ఎత్తలేనంతగా చిక్కిపోయాడు. మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత ఆరోగ్యమ్మ పొద్దున్నే అంబలి ముంత అతని పక్కన పెట్టి, ఒక్కతే కాలవ గట్టుకు పోయేది.