సొంతింటి మీద పాట వినడానికి కంబదూరు దాకా

రేడియోలు బాగుచేస్తూనే ముసలివాణ్నయ్యాను. బడిచదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తక్కినదంతా బల్ల మీదికి వచ్చిన రేడియోలే నేర్పాయి. ఈమధ్య ఫోనులో దక్షిణాఫ్రికా పాటగాళ్ల కథ ఒకటి విన్నాను. నల్లవాళ్లను వేరే పేటల్లో, వేరే బళ్లలో, వేరే బెంచీల మీద ఉంచిన రోజులవి. ఎనభైల చివర్లో కొందరు తెల్ల కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని తమ ప్రభుత్వం మీదే రాక్ పాటలు కట్టారు. అదీ ఆఫ్రికాన్స్‌లో. అది వాళ్ల అమ్మ భాష, ఆ చట్టాలు రాసినవాళ్ల భాష కూడా. కొన్ని కాలేజీలు వాళ్లను గేటు లోపలికి రానివ్వలేదు. సర్కారు రేడియోవాళ్లయితే రికార్డులో ఆ పాట ఉన్నచోట పదునైన మొనతో గీతలు గీసేశారట, ఎవరూ పొరపాటున కూడా వెయ్యకుండా. రికార్డు మీద దుమ్ము పడితేనే కంగారుపడే మనిషిని నేను. 

కనిపించిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి విసిగిస్తుంటే, టీ కొట్టులో కంబదూరు వైపు మనిషి ఒకాయన అడ్డం పడ్డాడు. “అంత దూరమేల పెద్దాయనా? మా పక్క రఘు అని ఒకడుండాడు. వాళ్ల నాయన ఊరికి పెద్ద. వాడు గిటార్ పట్టుకోని వాళ్లింటి మీదనే పాట కట్టినాడు. ఆదివారం దేవరలో పాడతాడంట, పాడనిస్తే.” దేవర అంటే మా సీమలో ఊరి జాతర. ఆ ‘పాడనిస్తే’ అన్న మాటే నన్ను బస్సెక్కించింది.

అనంతపురంలో ఉదయం ఎనిమిదింటికి బయలుదేరితే పదింటికల్లా కళ్యాణదుర్గం. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మగవాళ్లకు సీటు లేదు. నిలబడే వెళ్లాను, వానకోసం చూస్తున్న వేరుశనగ చేలు కిటికీలోంచి వంగి చూసుకుంటూ. కళ్యాణదుర్గంలో ఉగ్గాని, మిరపబజ్జీ తినకుండా ముందుకు కదలొద్దు. బొరుగులు మరీ నానకూడదు. దీనిమీద నేను గంట మాట్లాడగలను, మీ అదృష్టం, మాట్లాడను. అక్కణ్నుంచి ఇంకో బస్సు కంబదూరుకు, తర్వాత షేర్ ఆటో, ముప్పై రూపాయలు. ఊరి పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది.

“యాడికి తాతా?” అన్నాడు ఆటో డ్రైవరు.

“దేవరకు.”

“పొట్టేలు లేకుండా దేవరకు పోతాండావే!”

“పాట వినడానికప్పా.”

నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. “ఇని వచ్చేయ్. ఎవురన్నా అడిగితే బాగుండాదనొద్దు, బాగలేదనొద్దు.”

నేను దిగేసరికి ఊరి చివర, గుడికట్ట ముందు వేసిన కుర్చీల వెనక, కందికట్టె మంట వేసి డప్పులు కాస్తున్నారు. కాగితే తప్ప తోలు బిగుసుకోదు, బిగుసుకుంటే తప్ప పలకదు. గిటార్ పట్టుకున్నవాడు రఘు. డప్పు తిప్పితిప్పి కాస్తున్న నడివయసు మనిషి ఓబులేసు. ఇతను రఘు తండ్రి పొలాన్ని కోరుకు చేస్తాడు, పండినదాంట్లో సగం ఆ తండ్రికి. రఘు ఇతన్ని ‘అన్నా’ అంటాడు. ఆ పిలుపే తండ్రికి ముల్లు.

పాట దేనిమీదని అడిగాను. “మా ఇంటి సూరులో ఒక గలాసుంటాది తాతా,” అన్నాడు రఘు. “చేలో పనిచేసేటోళ్లకు అది. వాళ్లే తీసుకోవల్ల, వాళ్లే కడిగి పెట్టల్ల. మాయమ్మ ఎన్నడూ దాన్ని ముట్టల్యా. మా నాయనేమో ఊర్లో ఎవురి మీదన్నా పాడుకో, ఇంటి మీద పాడొద్దంటాండాడు.”

తర్వాత ఓబులేసు వైపు తిరిగాడు. “కట్ట మీదికి రా అన్నా, ఇద్దరం ఆడనే నిలబడదాం.”

“మా నాయన గూడా ఆ కట్ట ఎక్కల్యా,” అన్నాడు ఓబులేసు డప్పు మీంచి చూపు తిప్పకుండా. “నేనెక్కితే పాట ఎవురూ ఇనరు, నా కాళ్లే చూస్తారు. నువ్వే ఈడికి రా.”

రఘు కట్ట ఎక్కలేదు. మంట పక్కనే నిలబడి తీగ మీటాడు. కట్టకెదురుగా కూర్చున్న జనం కుర్చీలు వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. మొదటి వరసలోని రఘు తండ్రి మాత్రం తిప్పుకోలేదు, వీపుతోనే విన్నాడు. ‘సూరులోని గలాసా, నిన్ను కడిగిందెవరే?’ అన్నచోట లేచి వెళ్లిపోయాడు. కొంచెంసేపటికి ఆయన మనిషి వచ్చి, పాట నడుస్తుండగానే అన్నాడు: “ఓబులేసా, రేపట్నుంచి చేనికాడికి రావద్దన్నాడు పెద్దయ్య.”

రఘు వేళ్లు ఆగిపోయాయి. “ఆపేద్దాం అన్నా. నేను పోయి నాయనతో మాట్లాడతా.”

“మాట్లాడితే నిన్ను తిడతాడు, అన్నం పెడతాడు. నీ చేను నీకుంటాది,” అన్నాడు ఓబులేసు. గొంతులో కోపం లేదు. “నా చేను పోనే పోయింది. సగంలో ఇడిస్తే పాట గూడా పోతాది. ఎత్తుకో.”

డప్పు ముందు మోగింది. తర్వాతే గిటార్.

తిరుగు బస్సులో ఆ దూరదేశం కుర్రాళ్లనే తలుచుకున్నాను. వాళ్ల పాటల మీద గీతలు పడ్డాయి, నిజమే. సొంత ఇళ్లలో ముఖాలు మాడిపోయి ఉంటాయి. కానీ ఎవరికోసం పాడారో ఆ నల్లవాళ్ల పేటల్లోకి తుపాకులు వెళ్లాయి. సొంతింటిని నిలదీయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఖరీదు మాత్రం ఎక్కువసార్లు పక్కింటివాడి దగ్గరే వసూలవుతుంది. రఘుకు ఆ రోజు అది తెలిసింది. తెలిశాక కూడా పాట పూర్తిచేశాడు.

ఇలాంటి దేవరకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. డప్పులు కాచేచోట నీడ ఉండదు, నీళ్లు దొరకవు. పెద్ద సీసా పట్టుకెళ్లండి. పక్కనున్నవాళ్లు అడిగితే ఇవ్వండి. వాళ్లు తాగాక, అదే సీసాతో మీరూ తాగండి.