జూబ్లీహిల్స్‌లో మాంసం మానేసిన పిల్లి

నేను పశువుల డాక్టర్ని. చదువుకున్నది ఆవులకీ గేదెలకీ వైద్యం చెయ్యడానికి. చేస్తున్నది ఫిల్మ్‌నగర్‌లో కుక్కలకీ పిల్లులకీ. ఇల్లు వెంగళరావు నగర్‌లో, క్లినిక్ ఫిల్మ్‌నగర్ సందులో ఒకే ఒక్క గది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను పుట్టి బుద్ధెరిగి మాంసం తినలేదు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాలేదు. అలాంటి నేను ఏడాది పాటు, పిల్లికి మాంసం పెట్టండి మహాప్రభో అని జనాన్ని బతిమాలుకోవలసి వచ్చింది.

మొదలుపెట్టింది జూబ్లీహిల్స్‌లో ఉండే ఒకావిడ. ఒకప్పుడు సినిమాలకి దుస్తులు డిజైన్ చేసేవారు. భర్త సినిమాలు తీస్తారు. వాళ్ళకి ఐదేళ్ళ తెల్లటి పర్షియన్ పిల్లి ఉంది. ఏటా టీకాకి తీసుకొచ్చినట్టే ఆ వానాకాలం కూడా తీసుకొచ్చారు. బుట్ట పట్టుకుని వాళ్ళ వాచ్‌మన్ భార్య వెనకాలే వచ్చింది. యాభై దాటిన మనిషి, పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంట్లో సగం పనులు ఆమె చేతుల మీదే నడుస్తాయి.

నేను సూది వేస్తుంటే, "ఇది కూడా మానేసిందండీ డాక్టరు గారూ," అన్నారావిడ.

"ఏం మానేసింది?"

"నాన్‌వెజ్."

సూది తీసి దూది అదిమాను. సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆవిడ సంతోషంగా చెప్పుకుపోయారు. కొన్నాళ్ళ క్రితం యూసుఫ్‌గూడ సిగ్నల్ దగ్గర ఆవిడ కారు ఒక కోళ్ళ బండి వెనక ఆగిందట. కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోళ్ళలో ఒకటి సిగ్నల్ పడేదాకా ఆవిడనే చూసిందట. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయారట. భీమవరం దగ్గర పుట్టి, పీతలూ రొయ్యలూ లేకుండా ముద్ద దిగని మనిషి, ఆ రోజు నుంచి పాలు కూడా మానేశారు. వినడానికి నాకేం ఇబ్బంది లేదు. మంచిదే అన్నాను కూడా.

"మరి నేను మానేసి దీనికి రోజూ చికెన్ పెడితే ఏం న్యాయం చెప్పండి? అందుకే సోయా, శనగలు, గుమ్మడికాయ ఉడికించి పెడుతున్నాం. ఏదో పొడి కూడా కలుపుతారంట, తెప్పించాలి."

అప్పుడు మొదలయ్యాయి నా పాట్లు. కుక్కయితే ఎలాగో సర్దుకుంటుందండీ, పిల్లి సర్దుకోలేదు అన్నాను. టారిన్ అని ఒకటుంటుంది, అది మాంసంలోనే దొరుకుతుంది, మన ఒంట్లో తయారైనట్టు పిల్లి ఒంట్లో సరిపడా తయారు కాదు, అది లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె పాడవుతుంది అన్నాను. కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నారు.

"మీరు ప్యూర్ వెజ్ కదండీ?"

"అవును."

"మీరే ఇలా అంటే ఎలాగండీ?"

నేను పప్పు తింటానని ప్రపంచంలోని పిల్లులన్నీ పప్పు తినాలా అని అడగాలనిపించింది. అడగలేదు. రెండు నెలల తర్వాత ఓసారి తీసుకురండి అని మాత్రం అన్నాను.

రెండు నెలలకి వచ్చినప్పుడు పిల్లి వీపు మీద చెయ్యి పెడితే ఎముకలు తగిలాయి. బొచ్చు దువ్వెనకి ఊడివస్తోంది. చీటీ మీద పెద్ద అక్షరాలతో మాంసం అని తెలుగులో రాసి, కింద రెండు గీతలు గీసిచ్చాను. ఆవిడ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. "అలవాటు పడటానికి టైం పడుతుందంటున్నారండీ," అన్నారు. ఎవరంటున్నారో చెప్పలేదు.

ఆ తర్వాత కబురు లేదు. ఫోన్ చేస్తే, బావుందండీ, బిజీగా ఉన్నాను అనేవారు. చలికాలం వచ్చాక ఒకరోజు పొద్దున్నే ఆవిడే వచ్చారు, ముఖం వెలిగిపోతూ. వెనక వాచ్‌మన్ భార్య, చేతిలో బుట్ట. మూత తీసి చూస్తే నా కళ్ళని నేనే నమ్మలేదు. పిల్లి బొద్దుగా, పట్టులాంటి బొచ్చుతో, రాజుగారిలా కూర్చుని ఉంది. తూకం చూశాను. గుండె విన్నాను. కళ్ళలోకి లైటు వేసి చూశాను. ఎక్కడా ఏ లోపం లేదు.

"చూశారా మరి," అన్నారావిడ. ఫోన్లో వీడియో పెట్టి నా వైపు తిప్పారు. "మా ఫ్రెండ్స్ ఎవరూ నమ్మట్లేదండీ. ఒక్క మాట చెప్పండి, ఎలా ఉంది?"

"ఆరోగ్యంగానే ఉంది," అన్నాను. ఉంది కాబట్టి అన్నాను.

ఇంతలో ఆవిడకి ఏదో ఫోనొచ్చి బయటికి వెళ్ళారు. నేను పళ్ళు చూద్దామని పిల్లి నోరు తెరిచాను. పైదవడ చివర, పన్నుకీ చిగురుకీ మధ్య సన్నటి ముల్లు గుచ్చుకుని ఉంది. పట్టకారుతో లాగాను. చేప ముల్లు. పొద్దున్నే గుప్పుమన్న నీచు వాసన.

తలెత్తి చూశాను. బల్లకి అవతల వాచ్‌మన్ భార్య నన్నే చూస్తోంది. ముల్లుని దూదిలో చుట్టి డబ్బాలో పడేశాను. చెబితే ఈమె పని పోతుంది, పిల్లికి తిండి పోతుంది. చెప్పకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. అప్పుడు నాకు తోచిన తెలివి అది.

ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. ఆ వేసవిలోగా మా క్లినిక్‌కి ముగ్గురు వచ్చారు, పిల్లుల చేత మాంసం మాన్పించాం, మంచిదే కదా అంటూ. ముగ్గురికీ కూర్చోబెట్టి టారిన్ పాఠం చెప్పాను. ఇద్దరు విన్నారు. మూడో ఆయన, "మీకు అప్‌డేట్ లేనట్టుందండీ," అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇంటికొచ్చి వంకాయ తరుగుతూ కూడా దానితోనే పోట్లాడుతున్నట్టుండేది. మా ఇంట్లోవాళ్ళు నా దగ్గర పిల్లి మాట ఎత్తడం మానేశారు.

మళ్ళీ వానలు మొదలైన రోజుల్లో ఒక పెద్దాయన వచ్చారు. సీరియళ్ళకి మాటలు రాస్తారు. భార్య పోయాక, మా క్లినిక్‌కి రెండు వీధుల అవతల మూడో అంతస్తు ఫ్లాట్లో ఒంటరిగా ఉంటున్నారు. ఆయనకి బూడిద రంగు చారల నాటు పిల్లి ఒకటుంది. చిన్నప్పుడు దానికి ఆపరేషన్ చేసింది నేనే. తువ్వాల్లో చుట్టి తెచ్చారు. అది ఆయాసపడుతోంది.

"వారం నుంచి కుర్చీ కాళ్ళకి గుద్దుకుంటోందమ్మా," అన్నారు. "కొత్తలో ఆడుకుంటోందనుకున్నాను."

లైటు వేశాను. కళ్ళు నల్లగా విచ్చుకునే ఉన్నాయి, వెలుగుకి ముడుచుకోవడం లేదు. గుండె గుర్రంలా పరిగెడుతోంది. అడగక ముందే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా అడిగాను.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"పప్పన్నం, సోయా. దాదాపు ఏడాది కావొస్తోందమ్మా. నేను మానేసినప్పుడే దానికీ మాన్పించాలని చూశాను. మొదట్లో భయమేసి, అప్పుడప్పుడూ ఓ ముక్క పెట్టేవాణ్ణి. తర్వాత ఫోన్లో మిమ్మల్ని చూశాను. ఆ తెల్ల పిల్లిని చూపిస్తూ, ఆరోగ్యంగానే ఉందని మీరే అన్నారు కదా. దాంతో ధైర్యమొచ్చి పూర్తిగా ఆపేశాను."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడో అంతస్తులో తలుపులు వేసిన ఫ్లాటు. ఎలుక దొరకదు, చేప తల పడేసే మనిషి ఉండదు. ఆయన పెట్టిందే అది తింది.

మందులు మొదలుపెట్టాను, టారిన్ ఇచ్చాను, గుండె స్కానింగుకి పెద్ద ఆసుపత్రికి రాశాను. ఉడికించిన కోడి గుండెకాయలు, కార్జం పెట్టమన్నాను. మారు మాట్లాడకుండా అన్నీ రాసుకున్నారు. ఆయన వెళ్ళాక క్లినిక్ మూసి, తిన్నగా జూబ్లీహిల్స్ వెళ్ళాను.

గేటు పక్కనే వాచ్‌మన్ గది. గది వెనక ఒక స్టీలు పళ్ళెం, దాని ముందు ఆ తెల్ల పిల్లి. వాచ్‌మన్ భార్య పీట మీద కూర్చుని ఉడికిన చేపలో ముళ్ళు ఏరి పెడుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా. నేను నీ మీదికి రాలేదు."

"నేనేం జేయాలె డాక్టరమ్మా. ఆకలికి ఒర్లుతుంటె సూడబుద్ధి కాలే. మా ఇంటాయన ఎర్రగడ్డ మార్కెట్ల సాపలు తెస్తడు. మాతోని దీనికింత."

"మీ మేడంకి చెప్పక తప్పదు. అవతల ఇంకో పిల్లికి కళ్ళు పోయాయి."

ఆమె చేతిలో ముళ్ళు పళ్ళెం అంచున పెట్టి, నన్ను వింతగా చూసింది. "మేడంకు తెల్వదనుకుంటున్నరా?"

"తెలుసా?"

"బాల్కనీలకెల్లి దినాం సూస్తది. ఎన్నడు ఏమనలే. పోయిన నెల నేను ఊరికి పోతనంటె, మరి దాని సంగతేందని అడిగింది. పాత ఫ్రిజ్ మాకే ఇచ్చింది, వస్తువులు ఖరాబైతయేమో పెట్టుకో అని. ఏం వస్తువులని నేనడగలే, ఆమె జెప్పలే."

ఆ మాటతో నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆరు నెలలుగా నేను మోస్తున్న రహస్యం ఆ ఇంట్లో అందరికీ తెలుసు, తెలియనట్టున్నది ఒక్క వీడియోలోనే.

ఆవిడ నన్ను హాల్లో కూర్చోబెట్టి బాదం పాల కాఫీ ఇచ్చారు. తాగకుండానే రచయిత గారి పిల్లి సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"మీ పిల్లి గేటు దగ్గర ఏం తింటోందో మీకు తెలుసు కదండీ?"

ఆవిడ నా ముందున్న కాఫీ కప్పుని కాస్త ఇటు జరిపారు. "నా వంటింట్లోకి రాలేదు కదండీ," అన్నారు. "బయట తింటోంది. వాళ్ళు పెట్టుకుంటున్నారు."

"మరి వీడియో ఎందుకు పెట్టారు?"

"అప్పటికి తెలియదు. ఒట్టు, తెలియదు. తర్వాత తెలిసింది." గొంతు తగ్గించి అన్నారు, "చేప ఇంట్లోకొస్తే నేనూ తినేస్తానండీ. వాసనొస్తే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరతాయి. ఆ కోడి కళ్ళు గుర్తొస్తాయి, అయినా ఊరతాయి. మీకేం, మీరు పుట్టుకతో తినరు. మీకు తెలియదు."

నిజమే, నాకు తెలియదు. వచ్చిన కోపంలో సగం ఎటు పోయిందో అర్థం కాలేదు. మిగతా సగంతో, ఆయనకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి, వీడియోలో చెప్పినట్టే అందరికీ చెప్పండి అన్నాను. చెప్తానండీ, తప్పకుండా అన్నారు.

మర్నాటికి వీడియో మాయమైంది. ఎందుకు తీసేశారో ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులకి రచయిత గారు ఫోన్ చేశారు. "ఎవరో పెద్ద బుట్ట నిండా పళ్ళు పంపారమ్మా. జూబ్లీహిల్స్ నుంచట. చీటీ లేదు. ఎందుకంటారు?"

ఇక ఆ పని కూడా నా మీదే పడింది. సాయంత్రం ఆయన ఫ్లాటుకి వెళ్ళి చెప్పాను. ఆ తెల్ల పిల్లి చేపలు తినే బాగుపడిందని, ఆ రోజు ముల్లు తీసింది నేనేనని, తెలిసి కూడా నోరు మూసుకున్నానని. ఆయన వింటూ పిల్లి తల నిమురుతున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బావుండేది.

"ఆమె పని పోతుందని ఊరుకున్నారు," అన్నారు. "నేను రాసినా ఆ సీన్ అలాగే రాసేవాణ్ణేమో." పిల్లిని ఒళ్ళోకి తీసుకుని, "కానీ నాకు ఒక్కడికి చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నారు.

మీరెవరో అప్పుడు నాకు గుర్తు కూడా లేదు అనబోయి ఆగిపోయాను. అది జవాబు కాదు.

తర్వాత క్లినిక్ గోడ మీద ఒక కాగితం అంటించాను: పిల్లికి మాంసం పెట్టాలి, మీరు తినకపోయినా సరే. వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని చదివి, ఇక మనుషులంతా మాంసం మానేస్తారంటారా డాక్టరు గారూ అని అడుగుతారు. మనుషుల సంగతి నాకు తెలియదండీ అంటాను. తెలిసినా చెప్పే ఓపిక లేదు. జూబ్లీహిల్స్ ఆవిడ ఇప్పుడు రారు, వాచ్‌మన్ భార్యనే పంపుతారు. ఏ చేప ఎంత పెట్టాలో ఆమే అడిగి రాయించుకుంటుంది, ఆవిడ అడగమన్నారట.

రచయిత గారు ఇప్పటికీ మాంసం ముట్టరు. వారానికి రెండుసార్లు రహమత్ నగర్ వెళ్ళి గుండెకాయలు కొనుక్కొచ్చి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉడికిస్తారు. పిల్లి గుండె చాలావరకు కుదుటపడింది. చూపు రాలేదు, రాదు. కానీ ఇల్లంతా దానికి అడుగుల కొలతే. మొన్న నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు సోఫా మీదికి ఒక్క గెంతులో ఎక్కింది. కూర్చుందామని నేను కుర్చీ కాస్త ఇటు లాగితే, "అక్కడే ఉంచండమ్మా, జరిపితే దానికి తెలియదు," అని ఆయన లేచొచ్చి కుర్చీని మళ్ళీ దాని చోట్లోనే పెట్టారు. నేను నిలబడే పిల్లి గుండె విన్నాను.