అత్త ఇంటి కప్పు

ఇవాళ పొద్దున్న కిటికీ తీయగానే కొండ మీద ఆకు కాలుతున్న వాసన గుప్పుమంది. యాభై ఏళ్లు కావస్తున్నా ఆ వాసనకు నాకు ముందు కోపమే వస్తుంది, దగ్గు తర్వాత.

చింతపల్లి పైన మా ఊళ్లో, డెబ్బైల్లో, ఫైరింజను చూసినవాడు లేడు. మా నాన్నా, ఆయన వెంట ఉండే మగవాళ్లే మా ఫైర్ స్టేషను. ఎండాకాలం వచ్చిందంటే ఇప్పపూల మత్తు వాసనా, పులిసిన చోడి అంబలీ, మామిడి టెంకలతో మా ఆటలూ ఎంత ఖాయమో, ఇనప కొక్కేలు కట్టిన వెదురు గెడలు మా చూరులోంచి కిందికి దిగడమూ అంత ఖాయం. డప్పు మోగితే ఆడవాళ్లు కుండలతో వాగుకూ, పిల్లలం సొరబుర్రలతో వాళ్ల వెనకా, మగవాళ్లు మంట దగ్గరికీ పరుగెత్తేవాళ్లం. అడవి అంటుకున్నా అంతే. ఫారెస్టు గార్డు వచ్చి కేకేస్తే చాలు, ముందున్న అంబలి వదిలేసి, పచ్చికొమ్మలు విరుచుకుని మంటను బాదడానికి కొండెక్కేవారు.

గడ్డి ఇల్లు అంటుకున్నాక ఆర్పడం ఎవరి తరమూ కాదు. అందుకని గాలివాటున ఉన్న పక్కింటి కప్పు లాగేసి, మంట ముందుకు పోకుండా ఆపేవారు. అలా కప్పు ఇచ్చిన ఇంటికే, కాలిన ఇంటికన్నా ముందు, ఊరంతా కలిసి కొత్త కప్పు వేయాలి. అది మా కట్టుబాటు.

ఒక ఏడు వేసవి చివర్లో ఓ ఇల్లు అంటుకుంది. గాలివాటున ఉన్నది మా మేనత్త చిలకమ్మ ఇల్లు. అత్త పచ్చి బాలింత. నాన్న గెడ ఎత్తి, చెల్లెలి మొహం చూసి ఆగిపోయాడు.

"ఏటి సూత్తన్నావన్నా? బేగి లాగేయ్," అంది అత్త, బిడ్డను గుండెకు అదుముకుని బయటికొస్తూ.

లాగేశారు. మిగతా వరసంతా దక్కింది.

మర్నాడే కొత్త కప్పుకు వెదురు కొట్టుకొచ్చారు. దాచుకున్న గడ్డి మోపులు ప్రతి ఇంటివాళ్లూ తెచ్చి పడేశారు. అప్పుడు దిగాడు, అదే గార్డు. అడవి వెదురు ముట్టుకోవడం నేరమట. వాడి అబ్బ సొత్తా అది? మొన్న ఆ అడవి కోసమే చేతులు బొబ్బలెక్కించుకున్న మనుషుల్ని వరసగా నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు.

"పసిగుంట ఉంది బాబూ, వానొచ్చేత్తాది," అన్నాడు నాన్న.

"ఆఫీసుకొచ్చి చెప్పుకో," అని వెదురంతా జీపులో వేయించుకుపోయాడు.

నాన్న ఆఫీసు చుట్టూ తిరుగుతుండగానే తొలకరి దిగింది. అత్తను మా ఇంటికి తెచ్చుకుందామంటే, పురుడు తీరని మనిషి వేరే గడప తొక్కితే ఊరి తల్లికి ఆగ్రహమని పెద్దలు అడ్డం పడ్డారు. ఆ పెద్దల మీదా నాకు కోపమే, ఎందుకు దాచాలి. కారే ఆకుల పందిరి కింద, కొండ చలిలో, బిడ్డ దగ్గి దగ్గి మూడోనాటికి ఊపిరి వదిలేసింది. ఆ తర్వాత నాన్న మళ్లీ గెడ పట్టలేదు.

ఇప్పుడు మా ఇళ్లన్నీ స్లాబులు. ఫోన్ చేస్తే కింద నుంచి ఎర్ర ఫైరింజను వస్తుంది, మంచిదే. డప్పూ లేదు, దండూ లేదు.

ఇందాక మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలోకొచ్చింది. అడవి మనందరిదీ, మంటలార్పడానికి తరలి రండి అని అరుస్తోంది. అత్త అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఆళ్లదే కదేటి అడివి. ఆళ్లనే ఆర్పుకోమను," అంది తలెత్తకుండా.

నేనూ లేవలేదు.