ఐదు రాళ్ల ఇల్లు

రాయచూరులో గోనెసంచుల హంపయ్య అంటే మిల్లుల వాళ్లందరికీ తెలుసు. చిరిగిన సంచి చేతికిస్తే మాట్లాడుతూనే కుట్టేసేవాడు. నలభై ఏళ్లు అదే పని. పేరులోనే హంపి ఉన్నా, ఆయన హంపికి వెళ్లింది ఒక్కసారే, పెళ్లయిన ఏడాది, భార్య కమలాక్షితో.

ఆ రోజు గుట్ట మీద, అందరూ చేసినట్టే, సొంతిల్లు కావాలని మొక్కుకుని కమలాక్షి ఐదు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది. గాలికి పడకుండా హంపయ్య జేబులోని సుతిలి దారం తీసి చుట్టాడు.

"రాళ్లకు గూడ సంచి కుట్టేటట్లున్నవ్" అని నవ్విందామె.

ఇల్లు కట్టుకున్నాక మళ్లీ వచ్చి, ఆ రాళ్లను తమ చేతులతో దించాలి. అదీ మొక్కు.

ఇల్లయింది. యరమరస్ దారిలో రెండు గదులు. గృహప్రవేశం నాడే ఆమె అడిగింది. "వడ్ల సీజన్ అయిపోనీ, తర్వాత సారి పోదాం" అన్నాడు. అట్లా పదకొండేళ్లు గడిచాయి.

"నా మోకాళ్లు పోయినంక మోసుకపోతవా ఏంది?" అని దెప్పేది.

"సంచిల కుట్టి తీస్కపోత" అనేవాడు.

పోయిన శ్రావణంలో జ్వరమని పడుకున్న కమలాక్షి మళ్లీ లేవలేదు.

కూతురు శృతి ఆయన్ను ఒక్కరోజు లగ్జరీ టూరు ఎక్కించింది. "అమ్మ మొక్కు తీర్చి రా నాన్నా. ఏసీ బస్సు, నీకు తిప్పలుండదు."

మెత్తటి సీట్లు, చల్లటి తువ్వాళ్లు, మెడలో నెంబరు బిళ్ల. కానీ ఎక్కడా కాలు నిలవనివ్వరు. గుళ్లో పదిహేను నిమిషాలు. రాతి రథం దగ్గర పది. జనం తలలు తప్ప ఏమీ కనిపించలేదు. గైడు మహాంతేశ్ జెండా పట్టుకుని ముందు పరుగు, ముప్పైమంది వెనక పరుగు.

గుట్ట దగ్గర ఇరవై నిమిషాలన్నాడు. మెట్లెక్కడానికే సగం పోయింది. హంపయ్య పైకి చేరి చూశాడు. బండ బండకూ రాళ్ల గూళ్లే, వందలకు వందలు. చీలిన బండ పక్కన అని ఆయనకు గుర్తు. చీలిన బండలే నాలుగున్నాయి. సుతిలి ఎప్పుడో మట్టిలో కలిసిపోయి ఉంటుందని తెలుసు. అయినా వంగి ఒక్కొక్క గూడూ తడుముతూ పోయాడు.

"జర పక్కకు అజ్జా, ఫోటోల పడుతున్నవ్" అని ఎవరో అరిచారు.

ఒకచోట సరిగ్గా ఐదు రాళ్లు. పై రాయి ఎత్తబోయాడు. దానికి పెట్టిన పసుపు ఇంకా తడిగానే ఉంది. ఎవరిదో ఇల్లది. చేయి వెనక్కి తీసుకున్నాడు. కాస్త అవతల ఒక కొత్త జంట, కూలిన పాత గూళ్లలోంచే రాళ్లేరుకుని తమది పేర్చుకుంటోంది. కమలాక్షి రాళ్లు ఎన్ని చేతులు మారాయో.

మహాంతేశ్ ఈల వేస్తూ పైకి వచ్చాడు. "అజ్జా, నీ ఒక్కనికోసమే బస్సు ఆగింది."

"పది నిమిషాలు బాబూ. మా ఇంటామె పెట్టిన రాళ్లున్నయి ఈడ. దించాలె."

మహాంతేశ్ రాళ్ల వైపు చూశాడు, వాచీ చూసుకున్నాడు. మెల్లగా ఆయన చేయి పట్టుకున్నాడు. "గిన్నిట్ల యాడ దొరుకుతయి అజ్జా? తర్వాత సారి నిదానంగ వచ్చి చూసుకుందువు, పా."

హంపయ్యకు కోపం రాలేదు. పదకొండేళ్లు తాను చెప్పిన మాటే అది. ఆ మాట విన్నప్పుడల్లా కమలాక్షి ఏదో ఒకటి దెప్పి, నవ్వి, వంటింట్లోకి వెళ్లిపోయేది. అటు తిరిగాక ఆమె మొహం ఎలా ఉండేదో ఆయన ఒక్కసారీ చూడలేదు.

మెట్లు దిగాడు.