చీకటి గదిలో టమాట నారు

2018 జనవరి. చౌటుప్పల్ దగ్గర హైవే దిగి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద మా నర్సరీ. ఎండాకాలం పంటకు కూరగాయల నారు పోసే రోజులవి. పొద్దెక్కినా మంచు విడవదు. ఆ చలికి టమాట, మిరప, వంగ గింజలు ఆరుబయట మొలవడానికి బద్ధకిస్తాయి. అందుకని ప్రో ట్రేలలో, అంటే వరుసగా చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పళ్లేలలో, కొబ్బరిపొట్టు నింపి, గుంతకొక గింజ వేసి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మూసిన గదిలో నల్లకవరు కప్పి పెడతాం. దాన్ని జెర్మినేషన్ రూమ్ అంటాం. మొలక తల ఎత్తగానే ట్రేలన్నీ వెలుగులోకి, షేడ్‌నెట్ కిందికి రావాలి. ఆలస్యమైతే మొలకలు వెలుగు కోసం మెడలు సాచి దారాల్లా సాగిపోతాయి. ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, గింజ మొలిచేదాకా నాకు అన్నం సయించదు. ఊరికే కవరెత్తి చూస్తుంటాను. మా ఆయన, "గింజలకంటె ముందు నువ్వే మొలుస్తవు" అని ఎగతాళి చేస్తాడు.

సంక్రాంతి పండుగ దాటిన మర్నాడే మార్తమ్మ వచ్చింది. మాకు దగ్గరి ఊరే. మొన్నమొన్నటిదాకా ఒకరి చేలలో కలుపు తీసిన మనిషి. సర్కారు ఇచ్చిన భూమి పట్టా ఆమె పేరు మీదే వచ్చింది. భర్త దానయ్య మందుల కంపెనీలో షిఫ్టు పనికి పోతాడు, కాబట్టి ఎవుసమంతా ఆమెదే. మొదటి ఏడు పత్తి పెడితే దెబ్బతిన్నది. అప్పటినుంచి పక్క చేను పటేలు ఆ భూమిని కౌలుకు అడుగుతున్నాడు. "మీకెట్లొస్తది ఎవుసం" అని ఊళ్లో నలుగురూ అనే మాట దానయ్య చెవిలోనూ పడింది. ఈ టమాట చేతికి రాకపోతే భూమి పటేలుకిచ్చి, ఆమె కూడా కంపెనీలో ఊడ్చే పనికి రావాలని తేల్చేశాడు. పటేలుకు శివరాత్రికి జవాబు చెప్తానన్నాడట.

నారు మా దగ్గరే తీసుకుపొమ్మన్నాను. ఒప్పుకోలేదు. గింజ నుంచీ తన చేతనే పెరగాలని పట్టు. ట్రేలు, కొబ్బరిపొట్టు, టమాట గింజలు, గట్టు మీదికి బంతి గింజలు తీసుకుంది. మా జెర్మినేషన్ రూమ్ తిరిగి చూపించాను. మొలకెత్తిన పూటే బయటికి తెమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పాను. బుద్ధిగా తలూపి పోయింది.

నెలాఖరున ఒక పొద్దున గేటు దగ్గర ఆటో ఆగింది. మార్తమ్మ పాత చీరలో చుట్టిన ట్రేను పసిపిల్లను దించినట్టు దించింది. చీర విప్పితే నా మనసు చివుక్కుమంది. బెత్తెడు పొడుగున తెల్లటి కాడలు, చివర పసుపుపచ్చ ఆకులు రెండు. ఒక మూల నారంతా పడుకుని ఉంది. వేలితో ముట్టుకుంటే మొదట్లో కాడ నీరుగారిపోయి, ఇట్టే తెగింది. దీన్ని డ్యాంపింగ్ ఆఫ్ అంటారు. గాలి ఆడక, తడి ఎక్కువై నారు మొదలు కుళ్లే తెగులు. ఒక మూల మొదలైందంటే ట్రే అంతా పాకుతుంది. నా నోరు మంచిది కాదు. ఆటో అతని ముందే ఆమెను కేకలేశాను. ఆమె, "జర ఇంటికొచ్చి చూడరాదక్కా" అంది. స్కూటీ తీశాను.

ఒక్క గది ఇల్లు. వాకిట్లో మంచాలు, దుప్పట్లు, వంటగిన్నెలు. ఆ చలిలో మొగుడూ పెళ్లాం పిల్లలూ బయటే పడుకుంటున్నారు. గది నారుకిచ్చేశారు. తలుపు తీస్తే గుప్పున ముక్కిపోయిన వాసన. కిటికీకి గోనెసంచి కుక్కి ఉంది, నడుమ ఒక బల్బు వేలాడుతోంది. గోడల వెంట ట్రేలలో నారంతా ఆ బల్బు వైపే మెడలు వంచి నిలబడింది. ఇంకో నాలుగు ట్రేలలో కుళ్లు మొదలైంది.

"బయట పెట్టుమని చెప్పలేదా నేను?"

"చెప్పినవక్కా, ఇన్న," అంది. "బయట పెడితె అందరు చూస్తరు."

అప్పుడు చెప్పింది. ఆ ఏడు పత్తి చేను మొదట నిండుగా పూసిందట. దారిన పోయేవాళ్లు గట్టు మీద ఆగి, వీళ్లకు ఇంత పత్తా అని నోరెళ్లబెట్టి చూశారట. వారం తిరిగేసరికి మొక్కలు నిలువునా వడలిపోయాయట. ఎండుతెగులు అని నాకు తెలుసు. కానీ నరుని కంటికి నల్లరాయైనా పగులుతుందని మా అమ్మ అనేది, మా నర్సరీ గేటుకూ గుమ్మడికాయ వేలాడుతూనే ఉంది. నేనేం మొహం పెట్టుకుని కాదనను? నువ్వూ ఒకటి కట్టుకో అన్నాను.

"మేం ప్రార్థన చేస్కునేటోళ్లం, అవి కట్టం," అంది. "గని దిష్టి మతం చూసి తల్గుతదా అక్కా?"

నవ్వొచ్చింది. ఆ వెంటనే అసలు సంగతి అర్థమైంది. ఈమె భయపడుతున్నది ఉత్త దిష్టికి కాదు. ఒకరి చేలో వంగి పనిచేసినన్నాళ్లూ ఈమెను చూసినవాడు లేడు. సొంత చేలో నిలబడగానే ఊరంతా చూస్తోంది.

అంతలో దానయ్య డ్యూటీ దిగి వచ్చాడు. పడిపోయిన నారు చూశాడు. గోరుచుట్టు మీద రోకటి పోటులా, "గింత గోస మనకెందుకే? పటేలుకు ఇచ్చేద్దమంటె ఇనవు. రేపు పోయి మాట చెప్పొస్త," అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయి అన్నాడు. మార్తమ్మ నా వైపు చూసి, బతుకుతయా అని అడిగింది. కొన్ని బతకొచ్చు, లోపలుంటే ఒక్కటీ బతకదు అన్నాను. ఉన్న నిజం అదే. ఆమె లోపలికి పోయి ఒక ట్రే ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చింది. ఇంకోటి తేబోతుంటే దానయ్య అడ్డం రాలేదు. సాయమూ పట్టలేదు.

కుళ్లిన గుంతలు తీసి పారేశాం. మిగిలిన వాటి మొదళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే కుళ్లుమందు నీళ్లలో కలిపి పోశాం. కొబ్బరిపొట్టు పైన ఆరేదాకా నీళ్లు ముట్టవద్దన్నాను. గదిలో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండకు పెడితే మాడిపోతుంది. నీడలో మొదలుపెట్టి, రోజుకు కొంచెం ఎండ, కొంచెం గాలి అలవాటు చేయాలి. దీన్ని హార్డెనింగ్ అంటాం. కోళ్లకు అందకుండా ట్రేలు నులక మంచాల మీద పెట్టించి, పైన పాత చీర కట్టించాను. రోజూ అరచేత్తో నారు తలల మీద మెల్లగా నిమరమన్నాను. అట్లా కదిలిస్తే కాడ గట్టిపడుతుంది.

ఆ తర్వాతి రోజులు నాకూ నిద్ర పట్టలేదు. మా నర్సరీలో వేలకొద్దీ నారు ఉండగా నా మనసంతా ఆ మంచాల మీదే. ఆకుల అంచులు తెల్లబడ్డాయని ఫోన్. గాలికి సగం వంగిపోయాయని ఫోన్. ఇంకో ట్రే పోయింది. దారిన పోయేవాళ్లు ఆగి తొంగి చూస్తుంటే లోపలికి తెద్దామా అని ఒకరోజు ఏడ్చినంత పని చేసింది. వద్దే తల్లీ అని బతిమాలాను. బంతి మొండిది, ముందే తేరుకుంది. టమాట మాత్రం ఎటూ తేల్చలేదు. ఒకనాడు మార్తమ్మ ఫోన్ చేసి, ఆకు ముదురుపచ్చగా తిరిగిందక్కా, చెయ్యి పెడితే గట్టిగ తగుల్తున్నది కాడ, అంది. అప్పుడు కడుపు నిండా తిన్నాను.

శివరాత్రికి ముందు నాట్లు. నేనూ పోయాను, ఉండబట్టలేక. నారు ఎంత గట్టిపడ్డా పొడుగు పొడుగే. టమాటలో ఒక మంచి గుణముంది, భూమిలో పూడిన కాడ మేరకు వేర్లు వేస్తుంది. అందుకని కాడను చాలులో ఏటవాలుగా పడుకోబెట్టి, తల మాత్రం పైకి వదిలి మన్ను కప్పమన్నాను. చేనంతటికీ రాలేదు, సగానికి కాస్త ఎక్కువ. మార్తమ్మ ముందు, దానయ్య నీళ్ల పైపుతో వెనక. గట్టు మీద నలుగురు పోగయ్యారు. పటేలు కూడా వచ్చి నిలబడ్డాడు.

"ఏందే మార్తా, నారు పండవెడుతున్నవ్? దానికి నిద్రొచ్చిందా?"

పటేలు మాటకు గట్టు మీద నవ్వులు. ఆమె ఇప్పుడు చీర చెంగు కప్పుకుని పక్కకు తిరిగితే, దానయ్య నోటి నుంచి ఆ కౌలు మాట ఊడిపడుతుంది. పటేలు అతని వైపే తిరిగి, ఏం ఆలోచన చేసినవ్ అని అడగనే అడిగాడు. దానయ్య పైపు పట్టుకుని పెళ్లాం మొహం చూశాడు.

మార్తమ్మ నడుము ఎత్తి, మన్ను చేతులు దులుపుకుంది.

"చేను ఇయ్యం పటేలా. మేమే చేస్కుంటం," అంది. "ఆడ గట్టు మీదికెల్లి ఏం కనవడ్తది? దగ్గరికొచ్చి చూడు."

పటేలు చెప్పులు విడిచి చేలోకి దిగాడు. వంగి ఒక మొక్క మొదలు వేలితో తాకి, ఇట్ల పండవెడితే నిజంగ వేరు వెడ్తదా అని ఆమెనే అడిగాడు. ఆమె చూపించింది.

ఈ పనిలో తెగులుకు మందు చెప్పడం కష్టం కాదు. మార్తమ్మ తర్వాత నేను అడిగే పద్ధతి మారింది. వాడిన నారు ఎవరు తెచ్చినా, ఏం మందు కొట్టారని ముందు అడగను. ఎక్కడ పెట్టారు, అక్కడే ఎందుకు పెట్టారు అని అడుగుతాను. జవాబు చెప్పడానికి చాలామంది తడబడతారు. అప్పుడు కేకలేయకుండా కూర్చోబెట్టి వింటాను.