మొక్కు లేకుండా అంతర్వేది

మా కొత్తపేట వైపు ప్రయాణానికి కారణం ఉండాలి. పెళ్లి, చావు, కోర్టు వాయిదా, ఆసుపత్రి, మొక్కు. ఈ అయిదింటిలో ఏదీ కాకుండా ఎవరైనా బస్సెక్కితే ఏదో దాస్తున్నారని ఊరు అనుకుంటుంది.

పెళ్లయిన నాలుగేళ్లలో నా భార్య చేసిన ప్రయాణాలన్నిటికీ ఒకటే కారణం. మాకు పిల్లల్లేరు. అమలాపురంలో డాక్టరమ్మ, కాకినాడలో ఇంకా పెద్ద డాక్టరమ్మ, స్వస్థత కూటాలు, ఉపవాస ప్రార్థనలు, రాజోలు అవతల ఎవరో ఆకుమందు ఇచ్చే ఆయన. నేను కాలవల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మ్యాపు పరిచి గీత గీస్తే ఆమె కోనసీమ సగం తిరిగింది. చూసింది మాత్రం వరండాల్లో బల్లలు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కాలవ గట్టు మీద ఆగింది.

"ఏవండీ, దేనికోసమూ కాకుండా ఒక్కసారి ఎక్కడికైనా వెళ్దామండి."

"ఎక్కడికి?"

"అన్నాచెల్లెళ్ల గట్టుకి. గోదారి సముద్రంలో కలుస్తుందని అయిదో తరగతికి పాఠం చెప్తున్నాను. ఎలా కలుస్తుందో నేనే చూళ్లేదు."

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో పడే చోట పొడవైన ఇసుక మేట ఉంది. అటు సముద్రం, ఇటు నది. అన్నాచెల్లెళ్ల గట్టంటే అదే. రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వచ్చి చూస్తారు. పొరుగునున్న మేం చూడలేదు.

ఇంట్లో చెప్పగానే మా మేనత్త ముఖం వెలిగిపోయింది. మా ఇంటికి పెద్ద ఆవిడే.

"మంచి పని చేస్తున్నారా అబ్బాయ్! సంగమంలో కొంగులు ముడేసుకుని మూడు మునకలేస్తే కడుపు పండుతుందంట. పాస్టరుగారికి నేను చెప్పన్లే."

"మునగడానికి కాదండి, చూడ్డానికి," అంది నా భార్య.

"నీళ్లు చూడ్డానికి అంత దూరమా? మన పెరటెనకాల కాలవ లేదూ?"

"ఉందండి. అది సముద్రంలో కలవదండి."

"చూసేవా వదినా, దాని నోరు!" అంది మా అమ్మ వంటింట్లోంచి.

నాకు ఏ పనికైనా ముందు జాబితా రాయడం అలవాటు. టార్చిలైటు, గొడుగు, ఫ్లాస్కు, పులిహోర, అయోడిన్ సీసా, నులక తాడు. తాడెందుకని ఆమె నవ్వింది. అవసరం వస్తే తెలుస్తుందన్నాను. అవసరం రాలేదు.

ఉత్సవాల రోజులు కావు. రాజోలులో మారి ఎక్కిన బస్సు సగం ఖాళీ. పక్కసీటు ఆవిడ చాలాసేపు మమ్మల్ని చూసి అడిగింది. "మొక్కా అమ్మా?"

"కాదండి."

"చుట్టాలున్నారా?"

"లేరండి."

"మరి?"

"ఊరికేనండి."

ఆవిడ తన సంచీ తీసి అవతలి వైపు పెట్టుకుంది.

రేవులో ఒకే ఒక్క నావ దొరికింది. నావ మనిషి యాభై దాటినవాడు, వలలు వేసుకుని బతికేవాడు. గట్టు మీద దింపి, మళ్లీ ఎక్కించుకుంటానన్నాడు. గెడ వేస్తూ మా ఊరూ మా సంగతీ అన్నీ లాగాడు.

"అయితే మీరు కిరస్తానీవోళ్లా అండి? ఏం పర్లేదండి. మీరూ నీళ్లల్లో ముంచే కదండీ బాప్తిస్మం ఇస్తారు."

"ఇస్తారు. ఒక్కసారే మునుగుతాం. నాది అయిపోయింది," అంది నా భార్య.

అతను పడీపడీ నవ్వాడు. ఆమె మాట అతనికి ఎక్కలేదని అప్పుడు మాకు తెలియలేదు.

గట్టు మీద అడుగు పెట్టాక ఆమె చెప్పులు చేత పట్టుకుని నాకంటే ముందు నడిచింది. అటు ఆకుపచ్చ నీళ్లు లేచి పడుతున్నాయి. ఇటు ఎర్రటి బురద నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆ రెండూ కలిసే చోట నురగ వంకరటింకరగా సాగిపోయింది. ఆమె సముద్రం వైపు వంగి దోసిట్లోకి తీసుకుని రుచి చూసింది. తర్వాత గోదావరి వైపుకి వెళ్లింది.

"ఏవండీ, ఇటూ ఉప్పే! పాఠంలో తియ్యటి నీళ్లని రాసేరు!"

పోటు మీద సముద్రం నదిలోకి ఎగదన్నుతుందని చెప్పాను. ఆమె వినలేదు. ఇంకో నాలుగు చోట్ల రుచి చూసింది. నాలుగేళ్లలో ఆమె అలా పరుగెత్తడం నేను చూడలేదు. పులిహోర ఇసకతో సహా తిన్నాం.

గట్టు సన్నబడుతోందని నేనే ముందు గమనించాను. కాలవలో నీళ్లు లాకుల మాట వింటాయి. ఇవి ఎవరి మాటా వినవు. చెయ్యి ఊపితే నావ వచ్చింది కానీ, కొంచెం దూరంలోనే ఆగిపోయింది.

"మునకేసెయ్యండి, ఎక్కించేసుకుంటాను!"

"మునగడానికి రాలేదని చెప్పేను కదండీ," అని ఆమె అరిచింది.

"అలాగంటే ఎలాగండి అమ్మగారూ! నా నావెక్కిన ఏ జంటా మునక్కుండా తిరిగెళ్లలేదండి. గంగమ్మ ఊరుకోదండి. రేపు నేను వేటకెళ్లాలి."

అతనిది బెదిరింపు కాదు, భయం. అది ముఖంలోనే కనిపిస్తోంది. అంచేత డబ్బు ఎక్కువిస్తానన్నా లాభం లేదు. నీళ్లు చీలమండలు దాటాయి.

"ఒక్క మునకేగా, వేసేద్దాం," అన్నాను మెల్లగా.

ఆమె నా వైపు తిరిగింది. "మీకు ఒక్క మునక. నాకు ఇది ఇంకో ఆసుపత్రి. మళ్లీ నెలా నెలా లెక్క చూస్తారు, నీళ్లు పని చేసేయా లేదా అని. నేను మునగను."

అని ఆ చీలమండల లోతు నీళ్లలోనే కూర్చుంది.

ఏం చెయ్యాలో ఆలోచించాను. బతిమాలడం. కసరడం. చెయ్యి పట్టి లాగడం. మూడూ ఆమె మీద ఇప్పటిదాకా అందరూ చేసినవే. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఓలమ్మో! ఇద్దరూ కూచున్నారేంటండి బాబూ!" అన్నాడు నావ మనిషి.

అల వచ్చింది. మొదట ఫ్లాస్కు పోయింది, తర్వాత గొడుగు. మరో అల నా మెడ దాకా వచ్చి ఆమెను పక్కకి పడేసింది. నేను జబ్బ పట్టుకుని లేపాను.

"అయిపోయింది, అయిపోయింది! గంగమ్మే ముంచేసింది!" అంటూ అతను సంతోషంగా నావ తోసుకొచ్చేశాడు. "ఎక్కండమ్మా!"

ఆమె నోట్లో ఇసక ఉమ్మి, నావ అంచు పట్టుకుని నిలబడింది. నీళ్లు మోకాళ్ల పైకొచ్చాయి.

"తడిసేం. మునగలేదు."

"ఏదోటి లెండి, ఎక్కండి."

"ముందు మునగలేదని అనండి."

"అమ్మా, పోటండి!"

"అనండి."

"ఆయ్, మునగలేదు! నువ్వు మునగలేదు తల్లీ, నేనే మునిగిపోయేలా ఉన్నాను, ఎక్కు!"

అప్పుడెక్కింది. రేవు దాకా అతను గెడ వేస్తూ గంగమ్మకి ఏదో సర్దిచెప్పుకుంటూనే ఉన్నాడు. దిగేటప్పుడు నాతో, "మీకు ఓపికెక్కువండి బాబూ," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి చీర ఉప్పుకి అట్టకట్టింది. మా మేనత్త అంచు పట్టుకుని నలిపి చూసింది. "మునిగేరన్నమాట!"

ఔనంటే ఇల్లంతా ఆ రాత్రి సుఖంగా నిద్రపోయేది. మా అమ్మ కూడా అన్నం గిన్నె పట్టుకుని ఆ మాట కోసమే నిలబడింది.

"లేదండి. అల కొట్టింది," అంది నా భార్య.

"ఏదైతేనేం, నీళ్లు తగిలేయిగా!"

"నేను మునగలేదండి అత్తయ్యగారూ," అంది. నేనూ అదే చెప్పాను.

మా మేనత్త మాత్రం రెండు కథలు తయారు చేసుకుంది. చర్చిలో అడిగితే మావాళ్లు ఆ నీళ్లు ముట్టనైనా ముట్టలేదంటుంది. మా వీధిలో అడిగితే కొంగులు ముడేసుకుని మూడు మునకలంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. మాకు పిల్లలు పుడతారో పుట్టరో తెలియదు. పుట్టినా ఆ గట్టు ఖాతాలో వెయ్యొద్దు, పుట్టకపోయినా ఆ గట్టు మీద తప్పు వెయ్యొద్దు. అది మేం చూసొచ్చిన చోటు, అంతే.

మొన్న కుళాయి దగ్గర పక్కింటావిడ అడిగిందట.

"మునిగేరంట కదా టీచరుగారూ?"

"లేదండి."

"మరి దేనికెళ్లేరండి?"

"బావుంటుందని వెళ్లేం," అని చెప్పి, నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది.